యామ్నా వాళ్లమ్మ విత్తనం

కొండల్లోని తిజ్‌రాన్ ఊళ్లో అల్లాల్ చేతికి ఒక పేరుంది. అతను అంటు కట్టిన ఆలివ్ కొమ్మ పట్టకపోవడమంటూ లేదనీ, ఎండుపుల్ల తెచ్చి గుచ్చినా మూడోవారానికి చిగురేస్తుందనీ చెప్పుకుంటారు. అలా చెప్పుకునేవాళ్లలో అందరికంటే పెద్దగొంతు అల్లాల్‌దే, అది వేరే సంగతి. గంజాయి పంట మీద వెనకటి పోలీసు దాడుల గురించి కూడా అతని దగ్గర ఒక ముచ్చట ఉంది. అందరూ దేవదారు అడవిలో పడి పరిగెత్తుతుంటే తను మాత్రం చేనుగట్టు మీద కూర్చుని పుదీనా టీ కాచుకున్నాడట. వినేవాళ్లు మీసాల్లో నవ్వుకునేవాళ్లు. అరవైమూడేళ్ల మనిషిని పట్టుకుని కాదని వాదించి ఎవరికేం ఒరుగుతుంది?

మే నెలలో ఒక పొద్దున, అల్లాల్ చిక్కుడుపప్పు చారులో బార్లీ రొట్టె ముంచుకు తింటుండగా యామ్నా వచ్చింది. ఆవిడకి డెబ్బైనాలుగేళ్లు. భర్త పోయి చాలాకాలమైంది, ఒంటరిగా పైవీధిలో ఉంటుంది. ఎర్రచారల గుడ్డలో చుట్టిన నూనె డబ్బా ఒకటి చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రొమ్ముకి ఆనించుకుని, రొప్పుతూ గుమ్మం ముందు కూలబడింది.

"ముందు తిను నాయనా. తిన్నాకే చెబుతా," అంది.

"కూర్చో లల్లా. ఏంటది, తేనా?" అన్నాడు అల్లాల్, పెద్ద ఆడవాళ్లని పిలిచే పిలుపుతో.

"తేనయితే నీ దగ్గరికెందుకు తెస్తా? నేనే నాకేస్తా." గుడ్డ విప్పింది. డబ్బాలో జానెడున్నర గంజాయి మొక్క, ఆ కొండల్లో దాన్ని కిఫ్ అంటారు. ఆకు సన్నగా, ముదురుపచ్చగా, నిగనిగలాడుతూ ఉంది.

"కిఫ్ మొక్కని డబ్బాలో పెంచుతున్నావా?" అల్లాల్ పగలబడి నవ్వాడు. "కోడిపిల్లని ఉయ్యాల్లో వేసి ఊపినట్టుంది!"

అతను నవ్వడంలో తప్పు లేదు. ఆ కొండల్లో కిఫ్‌ను ఎవరూ కుండీలో పెంచరు, ఒకచోటి నుంచి పీకి ఇంకోచోట నాటరు. రాళ్లనేలలో గింజలు చల్లుతారు, వాన పడితే మొలుస్తుంది, లేకపోతే లేదు. కానీ యామ్నా నవ్వలేదు.

"మా అమ్మ మట్టిజాడీ అడుగున మూట దొరికింది అల్లాల్. పదకొండు గింజలు. నానేస్తే రెండే లేచాయి. ఒకటి మగది, నా ఇంట్లో ఉంది. ఇది ఆడది. చూడు, కణుపుల దగ్గర తెల్లపోగులు."

అల్లాల్ నవ్వు ఆపేశాడు. ఇరవై ఏళ్లుగా ఆ కొండ మీదికి బయటి విత్తనాలు వచ్చి పడ్డాయి. అవి మనిషెత్తు పెరుగుతాయి, ఊటల్ని పీల్చి పిప్పి చేస్తాయి. వాటి పుప్పొడి గాలికెగిరి పాత విత్తనాన్ని ఎప్పుడో కలిపి కల్తీ చేసేసింది. మోకాలెత్తే పెరిగి, ఆకాశం ఇచ్చిన నీళ్లతోనే పంటకొచ్చే అసలు మొక్క ఇప్పుడు ఏ చేలోనూ లేదు. ఈ డబ్బాలోది పోతే ఆ విత్తనం అంతటితో సరి. మగమొక్క ఒక్కటే ఉండి ఏం చేస్తుంది?

"వేళ్లు డబ్బా అడుగు తన్నుకుని బయటికొస్తున్నాయి. పెద్ద కుండీలోకి మార్చాలి. ఊళ్లోవాళ్ల పుప్పొడి సోకకుండా ఇంట్లోనే పెట్టుకుంటా, గింజ కట్టేదాకా," అని యామ్నా తన రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్లు వంకర్లు తిరిగి, సన్నగా వణుకుతున్నాయి. "వీటితో మారిస్తే చంపేస్తా. అందుకే నీ చేతిలో పెడుతున్నా."

"నిశ్చింతగా వెళ్లు లల్లా. రేపీపాటికి వచ్చి తీసుకుపో," అన్నాడు అల్లాల్. ఆమాట అంటుంటే ఛాతీ రెండంగుళాలు పొంగింది కూడా.

నిజం చెప్పాలంటే పని అతను బాగానే మొదలుపెట్టాడు. భార్య హద్దూమ్ కలుపు తీయడానికి చేనుకెళ్లింది. అతను ఇంటిముందు అంజూరపు చెట్టు నీడలో కూర్చుని, మెత్తటి మట్టి జల్లించి కొత్త కుండీలో సగానికి పోశాడు. డబ్బాని ఒక పక్క కత్తెరతో పైనుంచి కిందికి చీల్చాడు. అంచుల వెంట కత్తి తిప్పి మట్టి వదులు చేశాడు. ఇక చెయ్యాల్సిందల్లా డబ్బా రేకు విప్పి, మట్టిముద్ద చెదరకుండా రెండు చేతులతో ఎత్తి కుండీలో దించడమే.

అప్పుడు కింది మలుపులో జీపు చప్పుడు వినిపించింది.

ఆ దారిలో వచ్చే ప్రతి బండి చప్పుడూ అల్లాల్‌కు తెలుసు. రొట్టెల బండి దగ్గుతుంది, సహకార సంఘం బండి గిలకలా కొట్టుకుంటుంది. ఇది అవేవీ కాదు. ఈ చప్పుడు అతను నలభై ఏళ్లపాటు నిద్రలో కూడా విన్నాడు. పదకొండేళ్లు పోలీసుల జాబితాలో పేరున్న మనిషి అతను. ఆ పదకొండేళ్లూ పట్నం మొహం చూడలేదు, సంతకెళ్లలేదు, పన్ను కుళ్లి చెంప ఉబ్బితే కూడా డాక్టరు దగ్గరికి పోకుండా పట్టకారుతో తనే పీక్కున్నాడు. ఇప్పుడు ఆ జాబితా లేదు. పోయినేడాదికి ముందేడాది క్షమాభిక్షలో పేరొచ్చింది. కిఫ్ మందుల కోసం పండించుకోవచ్చని సంఘం ద్వారా అనుమతి కూడా వచ్చింది. ఆకుపచ్చ ముద్ర వేసిన ఆ కాగితానికి అతనే అద్దం కట్టించి, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా వీధిగోడకి మేకు కొట్టి తగిలించాడు.

ఇవన్నీ అతని బుర్రకు తెలుసు. చేతులకి తెలియదు. చేతులు మొక్కని మెడ దగ్గర పట్టుకుని లాగేశాయి. ఏదో పుటుక్కుమంది. పక్కనే ఉన్న బార్లీ గడ్డి గోతంలో మొక్కని తలకిందులుగా కుక్కి, మీద తన ఉన్ని అంగీ పడేసి, దానిమీద కూర్చున్నాడు అల్లాల్. చిరిగిన డబ్బాని కాలితో కంచెలోకి తన్నాడు. జీపు వచ్చి ఇంటిముందు ఆగేసరికి అతను మోకాళ్లమీద చేతులు పెట్టుకుని, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాడిలా, అడగకముందే తల అడ్డంగా ఊపుతున్నాడు.

దిగినతను పోలీసు కాదు, కుర్ర అధికారి. చేతిలో ఫైలు. "సలాం అలైకుం పెద్దాయనా. ఏటా వచ్చే తనిఖీ, భయమేం లేదు. మీ దగ్గర మొక్కలేమున్నాయో ఓసారి చూసి పోతాం."

"ఏమీ లేవయ్యా," అన్నాడు అల్లాల్. గొంతు ఇప్పటి అల్లాల్‌ది కాదు, ముప్పై ఏళ్ల కిందటి బెదిరిన మనిషిది. "ఉల్లి. ఉల్లిపాయలు తప్ప ఈ ఇంట్లో ఇంకేం లేదయ్యా. దేవుడి మీదొట్టు."

జీపు వెనకసీటులో సంఘం కార్యదర్శి స్ఫియా కూర్చుని ఉంది. ముప్పైఏళ్ల పిల్ల, ఊళ్లో మొక్కలన్నిటి లెక్కా ఆ పిల్లకు నోటికొచ్చు. కంచెలో పడ్డ డబ్బాని చూసి ఏదో అనబోయి ఆగింది. అధికారి చూపు అల్లాల్ తలమీదుగా గోడమీది అద్దానికి వెళ్లింది. అల్లాల్ ఫొటో, అల్లాల్ పేరు, కిఫ్ సాగుకు అనుమతి, ఆకుపచ్చ ముద్ర. అధికారి అది చదివాడు. మళ్లీ అల్లాల్ వంక చూశాడు. అతని మొహంలో నవ్వు రాలేదు, అదే అల్లాల్ ప్రాణం తీసింది. కుర్రాడు ఫైలు మూసి, "మంచిది పెద్దాయనా. దేవుడు మీ ఉల్లిని చల్లగా చూడాలి," అని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, మర్యాదగా జీపెక్కి వెళ్లిపోయాడు.

చెంపమీద కొట్టినా బాగుండేది. అల్లాల్ ఆ గోతం మీదే చాలాసేపు కూర్చున్నాడు. జీపు చప్పుడు మలుపు దాటి పోయాక లేచి మొక్కని బయటికి తీశాడు. తల్లివేరు సగానికి తెగింది. పీచువేళ్లు చాలామటుకు డబ్బా మట్టిలోనే ఉండిపోయాయి. కాండం అతని బొటనవేలు నొక్కినచోట నలిగి, మెడ వాల్చేసింది. దాన్ని అలాగే కుండీలో దించి, మట్టి కప్పి, నీళ్లు పోశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకుంటే మనసాగలేదు. బలం పుంజుకుంటుందని కోళ్లపెంట నీళ్లలో కలిపి చిక్కగా మొదట్లో పోశాడు. సాయంత్రానికి మొక్క తోటకూర కాడలా వాడిపోయింది.

మర్నాడు యామ్నా వచ్చేసరికి ఆకుల అంచులు మాడి ఉన్నాయి. ఆవిడ కుండీ ముందు కూర్చుని, మాడిన ఆకుల్ని ఒక్కోటీ ఎత్తి చూసింది. తరవాత, "ఏమైంది నాయనా?" అంది. నిలదీసి అడగలేదు, రోగి మంచం పక్కన అడిగినట్టు అడిగింది.

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. "జీపొచ్చింది, బెదిరిపోయాను" అనడానికి ఎన్ని మాటలు కావాలి? కానీ ఆ మాట వెనకాలే ఉల్లిపాయలూ వస్తాయి, గోడమీద కాగితమూ వస్తుంది, చేనుగట్టు మీద కాచుకున్న టీ కూడా వస్తుంది. తేలు కుట్టిన దొంగ అరవగలడా? అల్లాల్ కుండీ వైపు చూస్తూ అన్నాడు:

"ఎలా చెప్పను లల్లా... డబ్బా విప్పేసరికే తల్లివేరు కుళ్లి ఉంది. నీళ్లెక్కువయ్యాయి. రోజూ పోశావేమో."

అనేశాక అతనికే తన నోరు పరాయిదిలా అనిపించింది. యామ్నా తల మెల్లగా ఊపింది. "రోజూ పోశాను," అంది. "పొద్దునొకసారి, సాయంత్రం అసర్ నమాజుకొకసారి. ముద్దు ఎక్కువై పోశాను." లేచి, గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం హద్దూమ్ ఊట దగ్గర్నుంచి బిందెతో వచ్చి, "పాపం, యామ్నా అందరికీ చెప్పుకుంటోంది. మా అమ్మ విత్తనాన్ని నా చేత్తో నేనే చంపుకున్నానని. అల్లాల్ ఏం చేస్తాడు, కుళ్లిన వేరు చేతికిస్తే, అని నిన్ను వెనకేసుకొస్తోంది," అంది.

అల్లాల్ ముందున్న రొట్టె పళ్లేన్ని పక్కకి జరిపాడు.

"తిండి మానేశావేం? నాకు తెలియకుండా ఎవరింట్లోనన్నా తినొస్తున్నావా?"

"ఆకలి లేదు."

"ఆకలి లేని అల్లాల్‌ని నలభై ఏళ్ల కాపురంలో ఇవాళే చూస్తున్నా," అని హద్దూమ్ అతని మొహం పరీక్షగా చూసి, ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్లింది. ఆడవాళ్లు అడగడం మానేస్తే మగవాడికి ఇక దాక్కునే చోటుండదు.

ఆ సాయంత్రమే స్ఫియా వచ్చింది. గుమ్మంలో ఆగి సలాం చెప్పి, తిన్నగా కుండీ దగ్గరికి పోయి, మట్టిని చిటికెడు తీసి వాసన చూసింది. మొహం చిట్లించింది.

"కోళ్లపెంట పోశావా బాబాయ్?"

"బలం వస్తుందని..."

"జ్వరమొచ్చినోడికి గొర్రెమాంసం పెట్టినట్టుంది! దానికి తినడానికి నోరుంటే కదా? నోరు నువ్వు..." అని ఆగిపోయింది. తెంపేశావు అనబోయి మింగేసిందని అల్లాల్‌కు తెలుసు. అధికారి కుర్రాడి మర్యాదకీ, ఈ పిల్ల మర్యాదకీ మధ్య అతను నలిగిపోయాడు.

"బతుకుతుందా?" అని అడిగాడు.

"ఏమో. ముందు ఆ మట్టి మార్చాలి. ఇంకోసారి పీకావంటే ఊరుకోను, కుండీ పగలగొట్టి ముద్దతో సహా తీద్దాం."

ఇద్దరూ కూర్చుని కుండీ పగలగొట్టారు. పెంట పట్టిన మట్టిని స్ఫియా గోరువెచ్చటి నీళ్లతో చుక్కచుక్కగా కడిగింది. నల్లబడిన వేళ్ల చివర్లు కత్తిరించింది. ఇసుక కలిపిన ఒట్టి మట్టిలో మళ్లీ దించారు. నలిగిన కాండానికి ఇటూ అటూ రెండు రెల్లుపుల్లలు పెట్టి, ఉన్నిదారంతో వదులుగా కట్టారు. మాడిన ఆకులు నాలుగు తీసేశారు. చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి, తడిపి పిండిన పల్చటి గుడ్డ పందిరిలా కప్పి, ఎండ తగలని ఉత్తరపు గోడవార పెట్టారు.

"ఇక నువ్వు చెయ్యాల్సింది ఒకటే," అంది స్ఫియా చేతులు కడుక్కుంటూ. "ఏమీ చెయ్యకుండా ఉండటం. మట్టి పైన వేలు పెట్టి చూడు. పొడిగా ఉంటే గరిటెడు నీళ్లు. గుడ్డ ఆరితే తడుపు. ఎరువు లేదు, ఎండ లేదు, లాగి చూడటం లేదు. పదిరోజులు. కొత్త చిగురొస్తే వచ్చినట్టు."

"రాకపోతే?"

"రాకపోతే యామ్నా వాళ్లమ్మ విత్తనం పోయినట్టు." తువ్వాలు తీగమీద వేసింది. "మొక్కకి ఏం చెయ్యాలో నేను చెప్పా బాబాయ్. రెండోది నేను చెప్పకూడదు. ఆ పెద్దావిడ ఇవాళ సంఘం ఆఫీసుకొచ్చి, ఇక నా చేతికి ఏ మొక్కా ఇవ్వొద్దమ్మా, నా చెయ్యి మంచిది కాదు అంది. నేను వింటూ కూర్చున్నా."

ఆమాట అని వెళ్లిపోయింది. అల్లాల్ ఆ గోడవారనే కూర్చుండిపోయాడు.

తరవాతి రోజుల్లో అతను కాఫీ కొట్టు మొహం చూడలేదు. పొద్దున లేవగానే మట్టిమీద వేలు, మధ్యాహ్నం గుడ్డ తడపడం, సాయంత్రం మళ్లీ వేలు. మూడోరోజున కింది ఆకులు పసుపెక్కి రాలాయి. ఐదోరోజున తల ఇంకా కిందికి వాలింది. గోళ్లు కొరుక్కుంటూ ఆ మొక్కతో బేరాలాడాడు. బతుకు తల్లీ, బతికితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, యామ్నా సంతోషిస్తుంది, అంతా మర్చిపోతారు, అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం ఒళ్లంతా కంపరమెత్తింది. ఇన్నాళ్లూ తను ఆ మొక్క కోసం తపించాడనుకున్నాడు. కాదు, తన అబద్ధం కోసం తపించాడు. మొక్క బతికితే అబద్ధం కూడా బతుకుతుందని, రెండిటికీ కలిపి నీళ్లు పోస్తున్నాడు.

యామ్నా ఇంటివైపు వెళ్లే దారి మానేసి, మేకల దారిన చుట్టూ తిరిగి మసీదుకు పోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు అక్కడా ఎదురైంది ఆవిడ. కొండమీద శ్మశానం వైపు నుంచి, చేతికర్ర పోటేసుకుంటూ దిగి వస్తోంది.

"అల్లాల్! కనపడవేం నాయనా? నామీద కోపమా?"

"నీమీద నాకు కోపమేంటి లల్లా!"

"నీ చేతికి చెడ్డపేరు తెచ్చిపెట్టాను కదా. ఊళ్లో ఎవరైనా నిన్నేమన్నా అంటే నా దగ్గరికి పంపు. తప్పు నాదని నేను చెబుతా." అతని భుజం తట్టి, ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్లింది. ఆ తట్టిన చోట భుజం రోజంతా మండింది.

పదకొండోరోజు పొద్దున అల్లాల్ గుడ్డ ఎత్తి చూస్తే, తల నిలబడి ఉంది. నిటారుగా కాదు, జబ్బుపడి లేచిన మనిషి గోడకానుకుని నిలబడ్డట్టు. కొసన గోరంత చిగురు, లేతాకుపచ్చది. అతను కళ్లజోడు తెచ్చుకుని చూశాడు. హద్దూమ్‌ను కేకేసి చూపించాడు. ఆవిడ చూసి, "దేవుడికి స్తోత్రం," అని, పిల్లల చేత కబురంపే అవసరం కూడా లేకుండా, అరగంటలో ఆ వార్త ఊట దగ్గరికి చేరవేసింది.

మధ్యాహ్నానికి యామ్నా వచ్చింది. ఒక్కతే రాలేదు, పైవీధి ఆడవాళ్లు నలుగురు వెంట వచ్చారు. ఒకావిడ చేతిలో కాళ్లు కట్టేసిన కోడి, ఇంకొకావిడ చేతిలో తేనె సీసా. స్ఫియా కూడా వెనకాల ఉంది. యామ్నా మొక్క ముందు మోకాళ్లమీద కూర్చుని, ఆ గోరంత చిగురుని వేలితో తాకకుండా, గాల్లోనే నిమిరింది. లేచి, అల్లాల్ దగ్గరికొచ్చి, అతను తేరుకునేలోపే అతని కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

"నేను చంపినదాన్ని నువ్వు బతికించావు నాయనా. మా అమ్మ సమాధిలోంచి నిన్ను దీవిస్తుంది."

తనకంటే పదకొండేళ్లు పెద్ద మనిషి తన చేతిని ముద్దుపెట్టుకుంటోంది, ఆ చేత్తోనే కదా లాగింది. అల్లాల్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నిప్పుమీద పడ్డట్టు లాక్కున్నాడు.

"వద్దు లల్లా. వేరు కుళ్లలేదు."

"ఏంటి?"

"నీ డబ్బాలో వేరు కుళ్లలేదు. తెల్లగా, బంగారంలా ఉంది. నేను పీకాను. తనిఖీ జీపొస్తే పోలీసులనుకుని, మెడపట్టి పీకి గోతంలో దాచి, దానిమీద కూర్చున్నాను. ఉల్లిపాయలే ఉన్నాయని చెప్పాను. గోడమీద నా కాగితం వేలాడుతుంటే... దాని కింద కూర్చుని, ఉల్లిపాయలని చెప్పాను."

కోడి ఒక్కటే చప్పుడు చేసింది. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వాపుకోడానికో ఇంకెందుకో తెలియదు. స్ఫియా నేలచూపులు చూస్తోంది. యామ్నా మొహంలో నెత్తురు లేదు.

"జీపుకి భయపడ్డావు," అంది చివరికి.

"భయపడ్డాను."

"దానికేం? ఈ కొండమీద జీపుకి భయపడనివాడెవడు? మా ఆయన నిద్రలో ఉలిక్కిపడి మంచం కిందికి దూరేవాడు. పోయేదాకా దూరాడు. నువ్వొచ్చి, లల్లా, నా చేతులు వణికాయి అంటే, నా చేతులు చూపించి ఉండేదాన్ని. ఇద్దరం కలిసి ఏడ్చి ఉండేవాళ్లం." ఆవిడ గొంతు అక్కడ మారింది. "నామీద ఎందుకు పెట్టావు అల్లాల్? ముసలిది, నమ్మేస్తుందనా?"

అతను తల దించుకున్నాడు. ఎందుకంటే జవాబు అదే.

"పదకొండు రోజులు," అంది యామ్నా. "రోజూ ఆ కొండెక్కి మా అమ్మ సమాధి దగ్గర కూర్చుని క్షమించమని అడిగాను. నీళ్లెక్కువ పోశానమ్మా, నీ విత్తనాన్ని ముంచేశానమ్మా అని. ఈ మోకాళ్లతో ఎక్కాను. చెయ్యని తప్పుకి ఎక్కాను."

కుండీని ఎత్తబోయింది, చేతులు సాగలేదు. స్ఫియా వచ్చి ఎత్తుకుంది. ఆడవాళ్లు కదిలారు. కోడినీ తేనెనీ ఇవ్వాలో మానాలో తెలియక, కాసేపు తటపటాయించి, మళ్లీ పట్టుకెళ్లిపోయారు. వీధి మొదట్లో యామ్నా ఆగి, వెనక్కి తిరిగింది.

"రేపు శుక్రవారం. నమాజయ్యాక శ్మశానానికి రా. నేను చెప్పిన తప్పుడుమాట వెనక్కి తీసుకోవాలి. నువ్వు చెప్పు మా అమ్మకి."

ఆ రాత్రి నిద్రపట్టిందా అని అడక్కండి. మర్నాడు నమాజు అయ్యాక, చెప్పులు వేసుకునేటప్పుడు అతనికి మేకలదారి గుర్తొచ్చింది. ఆ దారిన ఇంటికి పోవచ్చు. పోలేదు. కొండెక్కాడు.

శుక్రవారం కదా, శ్మశానమంతా ఆడవాళ్లే. సమాధుల మీద నీళ్లు చల్లుతూ, పచ్చికొమ్మలు గుచ్చుతూ, వచ్చినవాళ్లకి అంజూరపుపళ్లూ రొట్టెముక్కలూ పంచుతూ, ఊళ్లో సగంమంది అక్కడే ఉన్నారు. హద్దూమ్ కూడా ఉంది. యామ్నా ఒక పాత సమాధి పక్కన రాతిమీద కూర్చుని ఉంది. తలరాయి ఒరిగిపోయి ఉంది. అల్లాల్ తలపాగా తీసి చేతిలో పట్టుకుని, ఎదురుగా గొంతుక్కూచున్నాడు. ఎవరికీ వినపడకుండా, పెదాలు కదిలీ కదలకుండా, "తల్లీ, తప్పు మీ అమ్మాయిది కాదు. నాది," అన్నాడు.

యామ్నా తల ఊపింది. "పోయేముందు మా అమ్మకి బాగా చెవుడు," అంది. "గట్టిగా చెప్పు."

అల్లాల్ చుట్టూ చూశాడు. చల్లుతున్న చెంబులు ఆగాయి. దగ్గరున్న ఆడవాళ్లు ఇటే చూస్తున్నారు. తలపాగాని చేతుల్లో నలిపాడు.

"తప్పు మీ అమ్మాయిది కాదు తల్లీ!" అన్నాడు ఈసారి.

"వినపడలేదంటోంది," అంది యామ్నా.

అల్లాల్ లేచి నిలబడ్డాడు. అరవైమూడేళ్ల జీవితంలో అతను అంత పెద్దగా ఎప్పుడూ అరవలేదు. కింద మసీదు గుమ్మంలో నిలబడ్డ మగవాళ్లు కూడా తలెత్తి చూశారు. పీకిందీ, దాచిందీ, గోతం మీద కూర్చున్నదీ, ఉల్లిపాయలన్నదీ, వేరు కుళ్లిందని అబద్ధమాడిందీ, ఒక్కటీ వదలకుండా మొత్తం అరిచి చెప్పాడు. యామ్నా చివరిదాకా వింది. విన్నాక, తన పక్కన రాతిమీద ఉన్న రొట్టెలోంచి ఒక ముక్క తుంచి, అందరికీ ఇచ్చినట్టే అతనికీ ఇచ్చింది.